చెయ్యి మరిగిన చేప

పొద్దున్నే చేప మేత డబ్బా మూత తీస్తే ఎండు రొయ్యల వాసన గుప్పున వచ్చేది. మా ఆయనకు అది పడదు, చాయ్ గ్లాసు పట్టుకొని బాల్కనీలోకి పోయేవాడు. నాకు మాత్రం ఆ వాసనా, తొట్టి మూత కింద నుంచి వచ్చే తడి పాచి వాసనా కలిసి ముక్కుకు తగిలినప్పుడల్లా కొత్తవాడలోని మా పాత ఇల్లు, ఆ ఇంటి వెనక సిమెంటు నీళ్ళ హౌజు, దాని మీద కప్పిన వెదురు తడక, తడక ఎగిరిపోకుండా పెట్టిన రాయి, ఆ రాయి పక్కన మోకాళ్ళు ముడుచుకొని కూర్చున్న మా బాపమ్మ, అన్నీ ఒక్కసారే గుర్తుకు వచ్చేవి. బాపు అంటే నాన్న, బాపమ్మ ఆయన తల్లి. మా వైపు అట్లాగే పిలుస్తాం.

మా హాల్లో టీవీ పక్కన అద్దాల తొట్టిలో ఉండేది ఆస్కార్ చేప. అది జాతి పేరు, వేరే పేరు మేము పెట్టలేదు. మా ఆయన మాత్రం దాన్ని ‘అల్లుడు’ అనేవాడు, ఎందుకంటే ఎంత చేసినా అలుగుతుంది, నచ్చింది పెడితే తప్ప మూతి పెట్టదు, ఇల్లంతా తనదే అనుకుంటుంది. నేనే తెచ్చాను దాన్ని, బడిలో పాఠాలు చెప్పి వస్తూ వస్తూ, వేలెడంత ఉన్నప్పుడు, ప్లాస్టిక్ కవరులో ఇన్ని నీళ్ళతో. నల్లటి ఒంటి మీద బొగ్గుల మధ్య నిప్పు కనబడినట్టు ఎర్రెర్రని మరకలుంటే ముచ్చటపడ్డాను. ఇంత పెద్దదవుతుందని దుకాణం ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. తోడుగా వేసిన చిన్న చేపలన్నిటినీ మింగేసింది, ప్లాస్టిక్ మొక్కలను పీకిపారేసింది, అడుగున పరిచిన గులకరాళ్ళను నోటితో ఎత్తి అద్దానికి విసిరేది. పెరిగి పెరిగి నా మోచేతి నుంచి మణికట్టు దాకా అయింది. తొట్టిలో అటు నుంచి ఇటు తిరగాలంటే తోక మడుచుకోవాల్సి వచ్చేది. కానీ నేను బడి నుంచి వచ్చి తాళం తీయగానే అద్దం దగ్గరికి వచ్చి ఒళ్ళంతా ఊపేది, వేలు పెడితే మెల్లగా పట్టుకొని వదిలేది.

దీన్ని ఉంచుకోవాలా, ఇచ్చెయ్యాలా అన్నది వానాకాలం మొదలైనప్పటి నుంచి మా ఇంట్లో తేలని పంచాయితీ. పెద్ద తిండి, పెద్ద మురికి. రోజు విడిచి రోజు సగం నీళ్ళు తీసి కొత్తవి పొయ్యాలి. మా అపార్ట్‌మెంటు బోరు నీళ్ళు పోస్తే అద్దానికి తెల్లగా సున్నం కడుతుంది. ఎండాకాలం ట్యాంకర్ నీళ్ళయితే మందు వాసన పోయేదాకా బక్కెట్లలో నిలువ ఉంచాలి. ఒకసారి తొందరలో నేరుగా పోస్తే చేప పైకి వచ్చి నోరు తెరుచుకొని గాలికి కొట్టుకుంది, నా ప్రాణం పోయినంత పనైంది. పోయిన చలికాలం నుంచి నా కుడి భుజం పట్టేసింది, బక్కెటు ఎత్తొద్దని దవాఖానలో గట్టిగా చెప్పారు. పెద్ద తొట్టి కొందామంటే హాల్లో జాగా లేదు. పరకాలలో మా తమ్ముడి కూతురి పెండ్లికి పోయి రాత్రి ఉండకుండా అదే సాయంత్రం తిరిగి వచ్చానంటే అది ఈ చేప వల్లనే.

“చుట్టాలనన్న ఇడిసిపెడుతవ్ గని ఈ అల్లున్ని ఇడువవు. జర ఏదో ఒకటి తేల్చు, నేనైతే ఏమనను,” అన్నాడు మా ఆయన, బక్కెటు కింద పెట్టి నడుము పట్టుకుంటూ. ఏమననంటూనే అన్నీ అనడం ఆయన పద్ధతి. కానీ బక్కెట్లు మోస్తున్నది ఆయనే.

దుకాణానికి పోయి అడిగితే అతను ఎగిరి గంతేసినంత పని చేశాడు. “తీస్కరాండ్రి మేడమ్, ఏం ఫికర్ లేదు. గీ సైజు పెట్టిన్నంటే ఎవలో ఒకలు ఎగరేస్కపోతరు,” అన్నాడు. ఆదివారం తెస్తానని చెప్పి బయటికి వచ్చాను గాని, ఆ ‘ఎవలో ఒకలు’ అన్న మాట నాతో పాటే ఇంటి దాకా వచ్చింది. ఆ మాటను నేను చిన్నప్పుడు ఒక చెరువు ఒడ్డున విన్నాను.

మాది జంపఖానాలు నేసే ఇల్లు. మా వాడంతా అదే పని. ఎండాకాలమొస్తే వాడ ఈ చివర నుంచి ఆ చివర దాకా వెదురు గడల మీద రంగు వేసిన నూలు ఆరేసి ఉండేది, ఒక ఇంటి ముందు ఎరుపు, ఒక ఇంటి ముందు పచ్చ, ఇంకో ఇంటి ముందు నీలం, వాటి కింద నుంచి వంగి నడిస్తే నెత్తి మీద చల్లటి చుక్కలు పడి బడికి వేసుకుపోయే తెల్ల అంగీ మీద మచ్చలయ్యేవి, అమ్మ చేత తిట్లు పడేవి. గంగాళాల్లో రంగు మరుగుతుంటే వచ్చే ఘాటు, తడి నూలు వాసన, కట్టెల పొగ, మధ్యాహ్నం పూట ఎవరింట్లోనో నూనెలో కాలుతున్న సర్వపిండి వాసన, అన్నీ కలిసి మాకు అదే గాలి, వేరే గాలి ఉంటుందని తెలియదు. పెద్దవాళ్ళందరి చేతులూ మణికట్టు దాకా రంగే. ఏ ఇంట్లో ఆ నెల ఏ రంగు నడుస్తోందో ఆ ఇంటివాళ్ళ చేతులు చూస్తే తెలిసిపోయేది. పెండ్లికి పోయినా ఆ చేతులతోనే, విస్తరి ముందు కూర్చున్నా ఆ చేతులతోనే.

నూలు జాడించడానికి నీళ్ళు కావాలి కాబట్టి ఇంటికొక హౌజు ఉండేది. మా హౌజు నా మెడ లోతు. నల్లా వచ్చిన రోజు నింపితే, రాని రోజులకు అదే దిక్కు. నిలువ నీళ్ళలో పురుగు పడకుండా మా వాడలో చాలా ఇండ్లలో హౌజులో ఒక కొర్రమట్ట చేప పిల్లను వేసేవారు. అది దోమ పిల్లలనూ, పురుగులనూ తిని నీళ్ళను శుభ్రంగా ఉంచుతుంది. పెద్దదయ్యాక మృగశిర కార్తెకు పులుసు పెట్టుకొని, మళ్ళీ ఒక పిల్లను తెచ్చి వేసేవారు. అందులో ఎవరికీ బాధ లేదు, అది పద్ధతి. మా ఇంట్లో మాత్రం పద్ధతి చెడింది, చెడగొట్టింది బాపమ్మ.

ఆమెకు చేతులు ఊరికే ఉండేవి కావు. కండెలు చుట్టేది, నూలు తడిపేది, చింతపండు పిక్కలు తీసేది, ఏ పనీ లేకపోతే నన్ను కూర్చోబెట్టి పేలు చూసేది. మధ్యాహ్నం బాపు మగ్గం ఆపి తిండికి లేచినప్పుడు ఆమె హౌజు దగ్గరికి పోయి, చేతులు రుద్ది రుద్ది కడుక్కొని, తడక ఒక పక్కకు జరిపి, వేళ్ళ మధ్య ఒక ఎర్రను పట్టుకొని నీళ్ళ మీద ఆడించేది. ఎర్ర అంటే వానపామే. వాటిని తవ్వి తెచ్చే పని నాది. మోరీ కాలువ పక్కన తడి మట్టిలో పుల్లతో గెలికి, కొబ్బరి చిప్పలో మట్టితో సహా వేసుకొని వచ్చేదాన్ని. నా తోటి పిల్లలు చిర్రగోనె ఆడుతూ పిలిచినా చిప్ప నింపకుండా పోయేదాన్ని కాదు. వానాకాలమైతే ఎర్రలకు కొదువ లేదు, ఎండాకాలం మాత్రం దొరక్క ఏడుపు వచ్చేది, అప్పుడు ఆదివారం తెచ్చిన కోడి పేగుల్లోంచి బాపమ్మ ఇంత తీసి దాచిపెట్టేది. కోడికూర తక్కువైందని బాపు గునిసేవాడు.

కొన్నాళ్ళకు ఆ చేపకు ఒక అలవాటు పడింది. మగ్గం చప్పుడు టకటకా నడుస్తున్నంతసేపు అడుగున పడుకొని ఉండేది, చప్పుడు ఆగగానే పైకి వచ్చి తడక కింద మూతి పెట్టి ఎదురుచూసేది. బాపు దారం తెగి మగ్గం ఆపినా వచ్చేది, మేత లేదని తెలిసి కోపంతో తోకతో నీళ్ళు చిమ్మేది. తలమీద పాము పొలుసుల్లాంటి పొలుసులు, మిడిగుడ్లు, నిజానికి చూడడానికి ఏమంత అందమైంది కాదు. కానీ బాపమ్మ చెయ్యి పెడితే వేళ్ళ మీద గడ్డం ఆనించుకొని ఉండేది, ఎత్తినా కొట్టుకునేది కాదు. అటువంటి చేపను మృగశిర కార్తెకు కొయ్యమంటే ఆమె ఎట్లా కోస్తుంది? ఆ రోజు మా ఇంట్లో కూడా పులుసు ఉండేది, మామిడికాయ ముక్కలేసి, ఎసరు కారంగా, కానీ అది బజారు నుంచి తెచ్చిన చేప. హౌజు పక్కన కూర్చొని చేప పులుసు తినడంలో ఆమెకు తప్పేమీ కనిపించలేదు. నాకూ కనిపించలేదు, రెండుసార్లు వేయించుకున్నాను.

నేను నాలుగో తరగతిలో ఉండగా బాపు పవర్‌లూమ్ తెస్తానన్నాడు. చేతి మగ్గం మీద రోజంతా కూర్చుంటే కాళ్ళు వాస్తున్నాయి, మిషను ఒకటి తక్కువ ధరకు దొరుకుతోంది, తేవాలంటే వెనక హౌజు పగలగొట్టి రేకులు వేసి జాగా చెయ్యాలి. ఇంట్లోకి నల్లా పైపు కూడా వస్తుంది కాబట్టి హౌజుతో పనిలేదు. అమ్మ సంతోషపడింది. బాపమ్మ కూడా కాదనలేదు, కొడుకు కాళ్ళ వాపు ఆమె రాత్రీ పగలూ చూస్తున్నదే. ఒక్క మాటే అడిగింది.

“మరి చాప సంగతేంది?”

“ఏముంది అవ్వా, పులుసు వెట్టు,” అన్నాడు బాపు. ఆమె చూసిన చూపుకు వెంటనే, “లేకుంటె చెరువుల ఇడిసి రా. అది బతికేదే గండ్ల గదా,” అన్నాడు.

అది న్యాయంగానే అనిపించింది ఆమెకు. మర్నాడు పొద్దున్నే గంగాళంలో నీళ్ళు పోసి, చేపను చేత్తోనే ఎత్తి అందులో వేసి, పైన తడి గోనె కప్పి, రిక్షాలో కాళ్ళ మధ్య పెట్టుకొని కూర్చుంది. నేను వెంట పోయాను. ఎండాకాలం చివరి రోజులు, చెరువు బాగా లోపలికి పోయింది, గట్టు నుంచి నీళ్ళ దాకా పగిలిన నల్లమట్టి మీద నడవాల్సి వచ్చింది. ఒకాయన నీళ్ళ పక్కన కూర్చొని వల బాగు చేసుకుంటున్నాడు. బాపమ్మ మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి గంగాళం వంచింది. చేప జారి ఒక్కసారి తోక కొట్టి లోపలికి పోయింది. ఆమె చాలాసేపు అటే చూసి, నిట్టూర్చి, వంగి చేతులు కడుక్కుంది.

చేప వెనక్కి వచ్చింది. ఆమె వేళ్ళ దగ్గరికి వచ్చి మూతి పైకెత్తింది.

ఆమె ‘పో, పో’ అని నీళ్ళు కొట్టింది. అది కొంచెం జరిగి మళ్ళీ వచ్చింది. నేను చప్పట్లు కొట్టి నవ్వుతున్నాను, నాకదొక ఆట. వలాయన కూడా నవ్వాడు.

“అవ్వా, అది చెయ్యి మరిగింది. దానికి వల గూడ అక్కరలేదు, చెయ్యి వెడితె వస్తది. పొద్దూకేవరకు ఎవలో ఒకలు కూరండుకుంటరు,” అన్నాడు.

“నువ్వు పట్టకు బిడ్డా,” అన్నది బాపమ్మ.

“నేను పట్టకుంటె ఇంకొకలు వడుతరు. నేనొక్కన్నేనా గీడ?”

అతను చెడ్డగా అనలేదు, ఉన్నమాట అన్నాడు. బాపమ్మ గంగాళం ముంచి, చెయ్యి పెట్టి, చేపను అందులోకి ఎత్తుకొని ఒడ్డుకు వచ్చింది. రిక్షాలో నాకు లోపల సంతోషంగా ఉంది, కానీ ఆమె ముఖం చూస్తే చెప్పడానికి భయమేసింది.

బాపుకు మాత్రం ఒళ్ళు మండింది. “మేస్త్రి రేపొస్తాండు అవ్వా! ఒక్క చాప కోసం మిషను ఆపుకుంటమా?”

“రానియ్యి. వచ్చి చాయ్ తాగి పోతడు,” అన్నది. ఆ తర్వాత గొంతు తగ్గించి, “దానికి భయం లేకుంట జేసింది నేనే కొడుకా. చిన్నప్పటి సంది చేతిల మేపితి. ఇప్పుడు భయం నేర్పుమంటె నేనెక్కడ నేర్పుదు?” అన్నది. బాపు కండువా దులుపుకొని బయటికి పోయాడు. మేస్త్రికి ఆ వారం వద్దని చెప్పి వచ్చాడని తర్వాత తెలిసింది.

బాపమ్మ పుట్టిల్లు పరకాల దగ్గర పల్లె, బర్రెలున్న ఇల్లు. అక్కడ పాడి బర్రెను అమ్మితే కొన్నాయన అదే పూట తోలుకుపోయేవాడు కాదట. ఆయన భార్య పొద్దున, సాయంత్రం అమ్మినవాళ్ళ కొట్టానికే వచ్చి, అమ్మినామె పక్కన ఉండగా పాలు పిండేదట. బర్రె ఆ కొత్త చేతికి చేపుకొని పాలిచ్చిన తర్వాతనే పలుపు విప్పేవారట. లేకపోతే కొత్త కొట్టంలో తన్ని తన్ని పాలు ఎగబెడుతుంది. చెయ్యి మార్చడమంటారు దాన్ని. బర్రెకు చేసినట్టే చేపకూ చేద్దామని బాపమ్మ తీర్మానించింది. చేపకు చెయ్యి మార్చడమనే మాట వాడలో అంతకు ముందు ఎవరూ వినలేదు, అందరూ నవ్వారు.

మూడిండ్ల అవతల కొమురవ్వ ఉండేది. బాపమ్మకు ఏమీ కాదు గాని ఇద్దరూ ‘వదినె’ అనుకునేవారు. పెద్ద గొంతు, నోట్లో ఎప్పుడూ పాన్, ఎవరింట్లో సద్దుల బతుకమ్మకు మలీద ముద్దలు చేసినా ముందు ఆమెకే రుచి చూపించాలి. వాళ్ళ హౌజు మా దానికంటే పెద్దది, ఖాళీగానే ఉంది. చేపను తీసుకోవడానికి ఒప్పుకుంది గాని దాన్ని చూస్తే ఆమెకు వణుకు.

“కొరుకుతదా వదినె?”

“నీ అంత గాదు,” అన్నది బాపమ్మ.

రోజూ మధ్యాహ్నం మగ్గం ఆగగానే కొమురవ్వ మా ఇంటికి వచ్చి, కండ్లు గట్టిగా మూసుకొని, ఎర్రను పట్టుకొని నీళ్ళలో చెయ్యి పెట్టేది. చేప వచ్చేది, చూసేది, అడుగుకు పోయేది. మర్నాడూ అంతే. బాపమ్మ ఆలోచించి ఆలోచించి కారణం కనిపెట్టింది. ఆ నెల మా ఇంట్లో నీలం రంగు నడుస్తోంది, కొమురవ్వ ఇంట్లో ఎరుపు. చేపకు తెలిసింది నీలం చెయ్యి. “నీ ఎర్ర చెయ్యి జూసి బెదురుతాందే,” అని కొమురవ్వను గంగాళం దగ్గరికి లాక్కుపోయి కుడి చెయ్యి మణికట్టు దాకా మా నీలంలో ముంచింది. ఒక చెయ్యి ఎర్రగా, ఒక చెయ్యి నీలంగా కొమురవ్వ వాడలో నడిచిపోతుంటే పిల్లలమందరం వెంటపడ్డాం. వాళ్ళాయన తలుపు దగ్గర నిలబడి, “సగం నన్ను ఇడిసిపెట్టినవా ఏందే?” అన్నాడట.

ఆ నీలం చేతికి చేప నిజంగానే వచ్చింది. రంగు చూసి వచ్చిందో, ఉపవాసం ఉండలేక వచ్చిందో దానికే తెలియాలి. ఇప్పుడు ఆలోచిస్తే ఆకలే అయ్యుంటుందనిపిస్తుంది, కానీ బాపమ్మ తన ఉపాయం గురించి పోయేదాకా చెప్పుకుంది. ఎర్రను అందుకున్నప్పుడు కొమురవ్వ కెవ్వున అరిచి, తర్వాత కండ్లు తెరిచి, “ఓ వదినె, మెత్తగుందే!” అన్నది చిన్నపిల్లలాగ.

అట్లా కొన్ని రోజులు గడిచాక చేపతో గంగాళం మూడిండ్లు దాటింది. మర్నాడు బాపమ్మ నన్ను వెంటబెట్టుకొని చూడడానికి పోయింది. కొమురవ్వ చెయ్యి పెట్టగానే చేప పైకి వచ్చి, గడ్డం ఆమె వేళ్ళ మీద ఆనించి తింటోంది. మా వైపు చూడనైనా లేదు. నాకు కడుపు మండిపోయింది. ఇన్నాళ్ళు ఎర్రలు తవ్వి తెచ్చింది నేను, ఆట మానుకున్నది నేను, దీనికి విశ్వాసమన్నది లేదా అని అక్కడే ఏడుపు అందుకున్నాను.

“మనల్ని మరిసిపోయింది బాపమ్మా!”

“మరువనీ బిడ్డా. మరిస్తెనే తింటది,” అన్నది. ఆ మాట మామూలుగానే అన్నది గాని ఇంటికి వస్తుంటే కొంగుతో కండ్లు ఒత్తుకుంది. నేను చూశాను. ఆమె ఏడవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

తర్వాత హౌజు పగలగొట్టారు, పవర్‌లూమ్ వచ్చింది, దాని చప్పుడు మధ్యాహ్నం కూడా ఆగేది కాదు, మేము ఇంట్లో ఒకరితో ఒకరం అరిచి మాట్లాడుకోవడం అలవాటు చేసుకున్నాం. బాపు కాళ్ళ వాపు తగ్గింది. బాపమ్మ సాయంత్రమైతే కొబ్బరి చిప్ప పట్టుకొని కొమురవ్వ ఇంటికి పోయేది, ఇద్దరూ హౌజు గోడ మీద కూర్చొని చేప మీద ఒక కన్ను, వాడ మీద ఒక కన్ను వేసి ముచ్చట్లు పెట్టుకునేవారు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా బాపమ్మ పోయింది. చేప ఆమె తర్వాత కూడా కొన్నాళ్ళు కొమురవ్వ చేతిలో తిన్నది.

దుకాణం నుంచి వచ్చిన ఆ రాత్రి నాకు తేలిందేమిటంటే, నేను ఇన్ని నెలలు ఇవ్వాలా వద్దా అని కొట్టుకుంటున్నాను గాని, అసలు అడగాల్సింది ఎవరి చేతికి అని. మర్నాడు దుకాణానికి ఫోన్ చేసి ఆదివారం తేనని చెప్పి, ఇటువంటి చేపలు పెంచే మనిషి ఎవరైనా తెలిస్తే చెప్పమని సతాయించాను. కాజీపేటలో ఒక పెద్దమనిషి నంబరు ఇచ్చాడు. రైల్వేలో గార్డుగా చేసి రిటైర్ అయిన ఆయన, భార్యాభర్తలిద్దరే ఉంటారు, హాలు సగం ఆయన తొట్టే. తీసుకుంటానన్నాడు. తీసుకుపోయే ముందు ఒక వారం మా ఇంటికి వచ్చి మేత పెట్టాలని నేను షరతు చెబితే ఫోన్లో పకపకా నవ్వాడు. “అమ్మా, పిల్లనిచ్చేటోళ్ళు గూడ గిన్ని అడుగరు,” అన్నాడు. కానీ సాయంత్రం స్కూటర్ మీద వచ్చాడు.

మా చేప ఆయన చేతిని చూసి తోక తిప్పి మూలకు పోయి పక్కకు ఒరిగి పడుకుంది. అలిగినప్పుడు అట్లాగే పడుకుంటుంది, కొత్తవాళ్ళు చచ్చిందేమో అనుకుంటారు. ఆయన రొయ్య ముక్క పట్టుకొని ఓపికగా నిలబడ్డాడు. రెండు మూడు సాయంత్రాలు అట్లాగే తిరిగిపోయాడు. బాపమ్మ నీలం చెయ్యి కథ అప్పటికే నా నోట విన్న మా ఆయన, “ఆయన చేతికి నీ గాజులు తొడిగి సూడు,” అన్నాడు. గార్డుగారు కూడా నవ్వి నిజంగానే చెయ్యి చాపాడు. నేను వెయ్యలేదు గాని, నవ్వుతూ నవ్వుతూ నాకొక ఆశ పుట్టింది, ఇది ఈయన చేతికి రాదేమో, రాకపోతే నా దగ్గరే ఉండిపోతుంది కదా అని. ఆశ అంటే ఆశే, దాచుకోవడం ఎందుకు.

శుక్రవారం సాయంత్రం అది మూల నుంచి లేచి, అద్దం దాకా వచ్చి నన్నొకసారి, ఆయన్నొకసారి చూసి, ఆయన వేళ్ళ మధ్య నుంచి రొయ్య ముక్కను మెల్లగా లాక్కుంది. ‘శభాష్’ అన్నాడాయన. నేను చాయ్ పెడతానని వంటింట్లోకి పోయి, పొయ్యి వెలిగించకుండా కాసేపు నిలబడ్డాను. ఆదివారం ఆయన మూత ఉన్న పెద్ద డ్రమ్ము పట్టుకొని ఆటోలో వచ్చాడు. “ఖాయమేనా అమ్మా? మనసొప్పకుంటె ఇప్పుడే చెప్పు, నేనేమనుకోను,” అని అడిగాడు. మా ఆయన నా వైపు చూశాడు. తీసుకుపొమ్మన్నాను.

ఇప్పుడు కొత్తవాడలో మా ఇంటి జాగాలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. హౌజులు ఎవరికీ లేవు, నీళ్ళు నేల కింద సంపులో ఉంటాయి, పైన ఇనుప మూత. వాడలో నూలు ఆరేసిన గడలు ఎక్కడో ఒకటి రెండు ఇండ్ల ముందు కనబడతాయి, రంగు చేతుల మనుషులు అంతకంటే తక్కువ. అవన్నీ పోతాయని తెలిసిందే, వాటి గురించి నాకు పెద్ద బాధ లేదు, బాపు కాళ్ళ వాపు నేను మరిచిపోలేదు. పోయిందని నాకు ఇప్పుడు తెలిసింది వేరొకటి. బాపమ్మ తన చేపను ఇచ్చేసింది గాని పోగొట్టుకోలేదు. చేపను అప్పజెప్పిన చెయ్యి మూడిండ్ల అవతలే ఉంది, ఆమె అడగకుండా పోయి గోడ మీద కూర్చునేది, ఎందుకొచ్చావని ఎవరూ అనేవారు కాదు. మా ఎదురు ఫ్లాటు వాళ్ళ పేరు నాకు కరెంటు బిల్లు మీద చూస్తే తప్ప తెలియదు. కాజీపేట ఎంత దూరమని, ఆటో ఎక్కితే పోవచ్చు, కానీ చేపను చూడడానికి వచ్చానని ఒకరింటి బెల్లు ఎట్లా కొట్టాలో నాకు చేతకావడం లేదు.

గార్డుగారి భార్య పోయిన నెల ఫోన్ చేసింది. చేప మంచిగా తింటోందట, పెద్ద తొట్టిలో కొస నుంచి కొసకు ఈదుతోందట. “ఆదివారం రారాదమ్మా, సూసినట్టుంటది, ఇంత అన్నం తిని పోదురు,” అన్నది ఎంతో ప్రేమగా. వస్తానన్నాను. ఆదివారాలు వస్తున్నాయి, పోతున్నాయి. అది నన్ను గుర్తుపట్టకపోతే ఓర్చుకోగలను, చిన్నప్పుడే ఒకసారి ఓర్చుకున్నాను. గుర్తుపట్టి అద్దం దగ్గరికి వచ్చి ఒళ్ళంతా ఊపితే మాత్రం, దాన్ని అక్కడే వదిలి మళ్ళీ ఆటో ఎట్లా ఎక్కాలో తెలియక ఇంకా పోలేదు.